కథకుడూ వంతలూ - నాజర్ దళం చరిత్ర

మన చరిత్రకారులకు ఒక అలవాటు వుంది. ప్రజాకళల చరిత్ర రాయబూనినప్పుడల్లా ఒక మహానుభావుని జీవితచరిత్ర రాసి సరిపెట్టుకుంటారు. ఆయన ఎక్కడ పుట్టాడు, ఏ గురువు దగ్గర నేర్చుకున్నాడు, ఏ సన్మానాలు పొందాడు అన్నవన్నీ అందులో వుంటాయి. ఆయన పక్కన నిలబడి డక్కీ వాయించినవాడు ఎవడు, వాడికి ఆ రాత్రి అన్నం ఎవరు పెట్టారు, దళం చెదిరిపోయాక వాడు ఏం చేసి బతికాడు అన్న ప్రశ్నలు చరిత్ర గడప దాటి లోపలికి రావు. బుర్రకథ విషయంలో ఈ లోపం మరీ కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. ఎందుచేతనంటే బుర్రకథ ఒక్కడు చెప్పేది కాదు. ముగ్గురు లేనిదే అది లేదు.

షేక్ నాజర్ దళాన్ని ఈ దృష్టితో పరిశీలించాలని నా ఉద్దేశం. నేను బండారులంకవాణ్ణి. అమలాపురానికి చేరువలోని మా వూరు చేనేతకు పేరుపడింది. మగ్గాల మధ్య పుట్టి పెరిగినవాడికి ఒక సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. చీర నేసినవాడి పేరు ఒక్కటే లెక్కల పుస్తకంలో వుంటుంది. నూలు తోడినవారు, కండెలు చుట్టినవారు, ఆసు పోసినవారు, పడుగు సరిచేసినవారు ఆ పుస్తకంలో వుండరు. వారిలో హెచ్చుమంది ఇంటి ఆడవాళ్లు, ముసలివాళ్లు. మజూరీ చీరకింత అని ఒకే పేరు మీద పడుతుంది. కళాదళాల చరిత్ర కూడా ఇదే తీరుగా ఒకే పేరు మీద జమ పడుతున్నదని నా అభియోగం. ఈ అభియోగం నాజర్ ప్రతిభను తగ్గించడానికి చేస్తున్నది కాదు. ఆ ప్రతిభ ఏ నేల మీద నిలిచిందో, ఆ నేల కదిలినప్పుడు ఏమైందో తెలుసుకోవడానికి చేస్తున్నది.

1

బుర్రకథకు పూర్వరూపం జంగం కథ. భుజాన తంబుర, వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు ధరించి కథకుడు నడుమ నిలుస్తాడు. అతనికి ఇరుపక్కలా వంతలు డక్కీలు వాయిస్తారు. పూర్వం చాలా చోట్ల కథకుని ఇంటి స్త్రీలే వంతలుగా వుండేవారు. కథకుడు చరణం ఎత్తుకుంటాడు. వంతలు 'తందాన తాన' అంటూ దాన్ని అందుకుంటారు. ఈ అందుకోవడం పైకి చిన్న పనిలాగా కనిపిస్తుంది. నిజానికి ఆట మొత్తం దాని మీదే ఆధారపడి వుంటుంది. కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చేది వంతే. లయ జారిపోకుండా పట్టేది వంతే. కథ బరువెక్కినప్పుడు ఒక హాస్యపు మాట విసిరి జనాన్ని తేరుకోనిచ్చేదీ వంతే.

ఈ రూపంలో మరొక సదుపాయం వుంది. వంతల్లో ఒకడు హాస్యం చెబితే, రెండోవాడు లోకం సంగతి మాట్లాడతాడు. రాజుల కథ నడుస్తుండగా వీడు అడ్డం వచ్చి, 'అయితే ఈనాడు మన వూళ్లో జరుగుతున్నదేమిటి?' అని అడగగలడు. కథకుడు జవాబు చెప్పక తప్పదు. సభలో కూర్చున్న రైతు మనసులో మెదిలే ప్రశ్నను సభ తరఫున అడిగే హక్కు వంతకు వుందన్నమాట. పురాణ కాలక్షేపంలో శ్రోతకు ఈ హక్కు లేదు. పద్యనాటకంలోనూ లేదు. ఆధునిక రాజకీయోద్యమం తెలుగు నాట ఇన్ని కళారూపాలుండగా బుర్రకథనే ముందుగా చేపట్టడానికి కారణం ఈ నిర్మాణంలోనే వుందని నేననుకుంటాను. ఖర్చు తక్కువ, తెరలు అక్కర్లేదు, ముగ్గురు మనుషులు చాలు అన్న కారణాలు కూడా నిజమే. కాని అవి రెండో వరసలోవి.

2

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టాడు. ఆయన చెప్పగా అంగడాల వెంకట రమణమూర్తి అక్షరబద్ధం చేసిన జీవితకథకు 'పింజారి' అని పేరు. ఆ పేరు యాదృచ్ఛికంగా పెట్టింది కాదు. పింజారి దూది ఏకేవాడు. పత్తి పంటకూ మా మగ్గానికీ నడుమ వున్న మొదటి పనివాడు వాడే. వింటినారిని కొట్టి దూదిని విప్పుతుంటే పుట్టే మోతలో ఒక తాళం వుంటుంది. మరబట్ట వచ్చాక నేతగానికి పట్టిన గతే వాడికీ పట్టింది. పని పోయింది, కులం పేరు మిగిలింది. ఆ పేరు తిట్టుగా మారింది. దాన్నే తన పుస్తకం మీద పెట్టుకోవడంలో నాజర్ ఆత్మగౌరవం వుంది.

బాల్యంలో నాటకాల్లో వేషాలు కట్టాడు. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య దగ్గర సంగీతం నేర్చుకున్నాడు. హార్మోనియం పట్టాడు, పొట్టకోసం దర్జీ పని చేశాడు. ఈ వివరాలు ఆయన కష్టాలను చెప్పడానికి మాత్రమే పనికివస్తాయని అనుకోకూడదు. ఆయన కళను వివరించేది కూడా ఇవే. నాటకాల నుంచి అభినయం వచ్చింది, శాస్త్రీయ శిక్షణ నుంచి రాగం వచ్చింది, వీధి నుంచి వాడుక మాట వచ్చింది. జంగం కథకు ఈ మూడూ తోడైనప్పుడే మనమిప్పుడు బుర్రకథ అంటున్న రూపం స్థిరపడింది. తరతరాల వృత్తిగా ఒక కులంలో సాగిన విద్య, ఆ కులానికీ ఆ మతానికీ చెందని ఒక ముస్లిం పేదవాడి చేతికి వచ్చి పెరిగింది. దీనిని ఒక వ్యక్తి అద్భుతంగా చెప్పుకోవడం సులభం. కాని ఆ ద్వారం తెరిచినదెవరు? దానికి 1943 నాటి పరిస్థితిలోకి వెళ్లాలి.

3

1943 ఫిబ్రవరిలో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ తాపీ ధర్మారావు అధ్యక్షతన జరిగింది. అదే యేడు మే నెలలో బొంబాయిలో అఖిల భారత ప్రజా నాటక సంఘం ఏర్పడింది. ఆంధ్రలో ప్రజానాట్యమండలి వెలసింది. డాక్టర్ గరికపాటి రాజారావు దాని నాయకుల్లో ముఖ్యుడు. ప్రపంచమంతటా యుద్ధం. బెంగాల్‌లో కరువు. ఆ కరువులో, దాని వెంట వచ్చిన రోగాల్లో సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. పత్రికలు చదవలేని కోట్లాది ప్రజలకు ఈ సంగతులు చెప్పాలంటే పాట తప్ప మార్గం లేదు.

అప్పుడు పుట్టిన బుర్రకథల వస్తువులు చూడండి. నాజీలు 1941లో ఉరితీసిన పద్దెనిమిదేళ్ల సోవియట్ యువతి టాన్యా కథ ఒకటి. నాజర్ చెప్పిన బెంగాల్ కరువు కథ మరొకటి. ఎక్కడి మాస్కో, ఎక్కడి కలకత్తా, ఎక్కడి గుంటూరు జిల్లా పొలిమేర! కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల పల్లెల్లో జనం నేల మీద కూర్చుని దూరదేశపు పిల్ల కోసం కంటతడి పెట్టేలా చేయడం సామాన్యమైన పని కాదు. తెలియని పేర్లను తెలిసిన లయలో పెట్టి చెప్పారు కనుకనే అది సాధ్యమైంది.

స్త్రీలు కూడా దళాలు కట్టారు. మోటూరి ఉదయం నాయకత్వాన నడిచిన మహిళల బుర్రకథ దళం సంగతి బుర్రకథ చరిత్ర రాసేవారు ఒక వాక్యంలో దాటిపోతుంటారు. పూర్వం ఇంటి ఆడది వంతగా నిలిచిందే గాని, తంబుర ఆమె చేతికి రాలేదు. ఈ దళంలో స్త్రీ నడుమకు వచ్చి కథ ఎత్తుకున్నది. అందెల చప్పుడుతో బజారున నిలబడి మాట్లాడే స్త్రీని ఆ కాలపు మర్యాదస్తులు ఎలా చూసి వుంటారో ఊహించవచ్చు. ఒక కళారూపంలోని స్థానాలు తారుమారు కావడమంటే ఇదే. విషయం మార్చి స్థానాలు మార్చకుండా వదిలేసిన చోట అభ్యుదయం సగమే జరిగినట్టు.

ఇక్కడ కొందరు విమర్శకుల ఆక్షేపణ ఒకటి వుంది. జానపద కళను పార్టీ ప్రచారానికి వాడుకొని చెడగొట్టారని వారంటారు. జంగం కథ ప్రచారం కోసం పుట్టనిదైతే ఈ ఆక్షేపణకు విలువ వుండేది. అది శైవ ప్రచారంతో పెరిగింది. తరవాత దొరల గడపల్లో వారి వంశకీర్తిని పాడింది. ప్రచారం చేయని కథాగానం మనకు లేదు. ఎవరి పక్షాన, ఎంత కళతో అన్నదే అడగవలసిన ప్రశ్న. నాజర్‌కు శాశ్వతమైన కీర్తి తెచ్చినవి పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు. వీటిలో ఏదీ పార్టీ తీర్మానానికి తాళం కట్టిన పాట కాదు. పల్నాటి కథలో చాపకూడు వుంది. కులాలన్నీ ఒక చాప మీద కూర్చుని తిన్న సంగతిని, వేరువేరు బావుల నీళ్లు తాగే జనం ముందు చెప్పినప్పుడు వంతకు అడగవలసిన ప్రశ్నలు తక్కువేం కాదు. బొబ్బిలి కథలో 1757 నాటి బుస్సీ ఫిరంగులున్నాయి. సీతారామరాజు కథ చెప్పేనాటికి ఆయన మరణించి పాతికేళ్లయినా నిండలేదు. 1924 మే నెల జ్ఞాపకం వున్నవారు ఆ సభల్లోనే కూర్చుని వున్నారు. పాత వీరగాథకు కొత్త శ్రోత దొరికాడు. ఆ శ్రోతే కథను కొత్తది చేశాడు.

4

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకం ఆంధ్రదేశాన్ని ఊపింది. అనేక దళాలు దాన్ని ఏకకాలంలో ఆడాయి. 1948లో మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తెలంగాణ పోరాటం, కోస్తాలో నిర్బంధం, కార్యకర్తల అరెస్టులు, అజ్ఞాతవాసాలు వరసగా వచ్చాయి. 1943 నుంచి అయిదేళ్లపాటు పల్లెపల్లెనా తిరిగిన దళాలు కొద్ది నెలల్లో చెదిరిపోయాయి.

చరిత్ర రాసేవారు ఈ ఘట్టంలో ప్రభుత్వ నిర్బంధాన్ని వర్ణించి ముగిస్తారు. నిర్బంధం నిజమే, దాన్ని ఖండించవలసిందే. కాని మన వైపు నుంచి అడగవలసిన ప్రశ్న మరొకటి వుంది. దళం తిండి సభ మీద ఆధారపడి వుంది. సభ ఉద్యమం మీద ఆధారపడి వుంది. ఉద్యమం అజ్ఞాతంలోకి వెళ్లినప్పుడు డక్కీ వాయించేవాడు ఎక్కడికి వెళ్లాలి? వాడికి పొలం లేదు, ఉద్యోగం లేదు, పాత వృత్తిలో చోటు లేదు. ఉద్యమం దళాన్ని నిర్మించింది గాని, దళం సభ్యుడు బతికే ఏర్పాటును నిర్మించలేకపోయింది.

రాజారావు 1953లో 'పుట్టిల్లు' సినిమా తీశాడు. ప్రజానాట్యమండలి మనుషుల చేతిపని అందులో కనిపిస్తుంది. నాజర్ బుర్రకథ కూడా అందులో వుంది. జమున, అల్లు రామలింగయ్య మొదట తెర మీదికి వచ్చింది ఆ చిత్రంతోనే. చిత్రం ఆడలేదు, డబ్బు పోయింది. అయితే మండలిలో తయారైనవారు ఎందరో సినిమాల్లో స్థిరపడ్డారు. నటుడికీ, కవికీ, గాయకుడికీ మద్రాసులో ఎంతో కొంత గిరాకీ వుంది. వంతకు ఏ గిరాకీ వుంది? మరొకరి కథకు లయ కట్టడం, మరొకరి మాటకు ప్రాణం పోయడం వాడి విద్య. ఒంటరిగా అమ్ముకోవడానికి వీలులేని విద్య అది. దళం విరిగితే ముందుగా నష్టపోయేది వాడే.

5

ఇది మన దేశానికే ప్రత్యేకమైన సంగతి కాదని చూపడానికి అమెరికా నుంచి ఒక ఉదాహరణ ఇస్తాను. అక్కడి నల్లజాతి చర్చిల్లో ఒకరు పాట ఎత్తుకుంటే సభ అందుకునే సంప్రదాయం వుంది. మన కథకుడూ వంతల పద్ధతికి అది దూరపు చుట్టం. ఆ గానం నుంచే సోల్ అనే సంగీతం, దాని నుంచి లయకే పెద్దపీట వేసే ఫంక్ అనే సంగీతం పుట్టాయి.

మెంఫిస్ నగరంలో స్టాక్స్ అనే రికార్డు కంపెనీ వుండేది. దాని నీడన పెరిగిన బార్-కేస్ అనే బృందంలో అందరూ అప్పుడప్పుడే హైస్కూలు దాటిన కుర్రాళ్లు. 1967లో 'సోల్ ఫింగర్' అనే రికార్డుతో పేరు తెచ్చుకున్నారు. ప్రసిద్ధ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ వారిని తన వాద్యబృందంగా వెంట తీసుకువెళ్లాడు. ఒక్కమాటలో చెప్పాలంటే వారు ఆయనకు వంతలు. 1967 డిసెంబరు 10న విస్కాన్సిన్ రాష్ట్రంలోని మొనోనా సరస్సులో వారి విమానం కూలింది. రెడ్డింగ్‌తోపాటు బృందంలో నలుగురు మరణించారు. బూర వాయించే బెన్ కాలీ ఒక్కడు ప్రాణాలతో బయటపడ్డాడు. బాస్ గిటారు వాయించే జేమ్స్ అలెగ్జాండర్ వేరే విమానంలో వుండడం వల్ల బతికాడు. లోకం గాయకుడి కోసం ఏడ్చింది. మిగిలిన ఆ ఇద్దరూ కొత్తవారిని చేర్చుకుని బృందాన్ని మళ్లీ కట్టారు.

నాలుగు నెలలు తిరగకముందే, 1968 ఏప్రిల్ 4న, అదే మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. ఆయన అక్కడికి వచ్చింది సమ్మె చేస్తున్న పారిశుద్ధ్య కార్మికులకు అండగా నిలవడానికి. ఆయన బస చేసిన లొరేన్ మోటెల్‌లోనే స్టాక్స్ సంగీతకారులు తరచు కలుసుకునేవారు. తెల్లవారూ నల్లవారూ కలిసి కూర్చోవడానికి ఆ వూళ్లో వున్న కొద్ది చోట్లలో అదొకటి. ఆ యేడే కంపెనీకి మరో దెబ్బ తగిలింది. 1965లో చేసుకున్న ఒప్పందం ప్రకారం తమ పాత రికార్డుల మీద హక్కు తమది కాదనీ, పంపిణీదారైన అట్లాంటిక్ కంపెనీదనీ అప్పుడు తేలింది. చెమట మెంఫిస్‌ది, ఆస్తి మరొకరిది!

1972 ఆగస్టులో లాస్ ఏంజెలస్ స్టేడియంలో ఒక డాలరు టిక్కెట్టుతో జరిగిన మహాసభలో ఈ బృందం వాయించింది. 1975లో స్టాక్స్ దివాలా తీసింది. బార్-కేస్ మరో కంపెనీకి మారి, ఫంక్ సంగీతంతో 1976లో మళ్లీ పేరు తెచ్చుకున్నారు. నాయకుడు పోయినా, కంపెనీ పోయినా బృందం నిలిచింది. ఎందుకు నిలిచింది? వాద్యకారులకు తమ పేరుతో తమ రికార్డు వుంది. వంతలుగా వున్నప్పుడు కూడా వారు తమ పేరు పోగొట్టుకోలేదు.

అందరికీ ఆ మాత్రమైనా దక్కలేదు. జేమ్స్ బ్రౌన్ బృందంలో డ్రమ్ వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ 1969లో పట్టిన ఒక తాళాన్ని తరవాతి తరం కళాకారులు వందలాది పాటల్లో కత్తిరించి అతికించుకున్నారు. పాట హక్కు బ్రౌన్‌ది. 2017లో చనిపోయేనాటికి ఆ తాళం పట్టినవాడికి దాని మీద దక్కింది అత్యల్పం. లోకమంతా విన్న చేతులు; వాటికి హక్కు లేదు.

రెండు దేశాల అనుభవం పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ లయ ఆస్తి అయింది, ఆ ఆస్తి వేరొకరి పరమైంది. ఇక్కడ లయ ఆస్తి కాలేదు గాని, జ్ఞాపకం కూడా కాలేదు. అక్కడ వాద్యకారుడు తన పనిని ఇతరుల రికార్డులో గుర్తుపట్టి నాదని చెప్పగలడు. మన వంత వాయించిన రాత్రి ఆ రాత్రితోనే పోయింది. నాజర్ దళంలో నిలిచిన రామకోటి, పురుషోత్తం, కర్నాటి లక్ష్మీనరసయ్య వంటివారి పేర్లు ఈనాడు ఎంతమందికి తెలుసు?

6

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం కూడా బుర్రకథ శక్తిని గ్రహించింది. ఒకప్పుడు నిషేధించిన రూపాన్నే పిలిచి పీట వేసింది. కుటుంబ నియంత్రణ, పొదుపు, ఆరోగ్యం మీద బుర్రకథలు వచ్చాయి. ఇవి చెప్పకూడని విషయాలేం కావు. కాని అక్కడ రెండో వంత పని ఏమైంది? ప్రశ్న అడగవలసినవాడు జవాబుకు తాళం వేసేవాడయ్యాడు. తంబుర వుంది, అందెలు వున్నాయి, 'తందాన' వుంది. సభ తరఫున అడిగే హక్కు మాత్రం రద్దయింది. రూపం బతికింది, అందులోని ప్రజాస్వామ్యం పోయింది. కళారూపాన్ని చంపడానికి నిషేధం కంటె ఆదరణే సుళువైన సాధనం కావచ్చునని ఈ చరిత్ర చెబుతున్నది.

1986లో నాజర్‌కు పద్మశ్రీ ఇచ్చారు. పింజారి బిడ్డకు ఆ గౌరవం దక్కడం న్యాయమే, ఆలస్యమైన న్యాయం. 1997 ఫిబ్రవరిలో ఆయన మరణించాడు. పద్మశ్రీ ఒకరికి ఇచ్చేది; దళానికి ఇవ్వడానికి ఆ పద్ధతిలో చోటు లేదు. దక్కిన గౌరవాన్ని నేను తప్పుపట్టడం లేదు. ముగ్గురు చేసిన పనికి ఒకరిని మాత్రమే గుర్తించే పద్ధతిని తప్పుపడుతున్నాను.

మా కోనసీమకు వస్తే ఈ ప్రశ్న ఇంకా సజీవంగా వుంది. 2024లో మా పొరుగునున్న అంబాజీపేట పేరుతో, పెళ్లి బ్యాండు వాయించే మంగలి కుర్రవాడి కథతో ఒక సినిమా వచ్చింది. మా ప్రాంతపు బ్యాండుమేళం తెర మీదికి ఎక్కినందుకు మావాళ్లు సంతోషించారు. నేనూ సంతోషించాను. కాని పెళ్లి ఊరేగింపులో బూర ఊదేవాడిని, సన్నాయి పట్టేవాడిని, డప్పు కొట్టేవాడిని ఏ పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెడుతున్నామన్నది సినిమాతో తీరే ప్రశ్న కాదు. మేళం లేనిదే శుభకార్యం లేదంటాం. మేళగాణ్ణి గడప అవతలే వుంచుతాం. చాపకూడు కథ విని చప్పట్లు కొట్టినవారి మనుమలమే మనం.

చేయదగిన పని ఏమిటంటే, ప్రతి జిల్లాలోనూ బుర్రకథ దళాల, మేళాల చరిత్రను దళం దళంగా, పేరు పేరునా సేకరించాలి. కథకుడి పేరు పక్కన వంతల పేర్లు, వారి ఊళ్లు, వారి తొలి వృత్తి, దళం తరవాత వారి బతుకు రాయాలి. వారి ఇళ్లల్లో ఇంకా చెప్పగల ముసలివారుంటే వారి మాట ఇప్పుడే రికార్డు చేయాలి. సాంస్కృతిక సంఘాలు కార్యక్రమం పెట్టినప్పుడు పారితోషికాన్ని ముగ్గురికీ విడివిడిగా, వారి వారి పేర్ల మీద ఇవ్వాలి. సన్మానం చేస్తే మూడు శాలువలు తేవాలి. ఇవి చిన్న పనులే. మగ్గం దగ్గర కండెలు చుట్టే ముసలమ్మకు విడిగా కూలి కట్టడం కూడా చిన్న పనే. దాన్ని చేయడానికి మాత్రం ఇప్పటికీ ఎవరికీ చేతులు రావడం లేదు.